బీమా సర్వేయర్ పరీక్షలో ఇంజనీర్లు ఎక్కడ తడబడతారు

వాహనమో, గోదామో, ఓడలో వచ్చిన సరుకో దెబ్బతిన్నప్పుడు నష్టం ఎంతో, అందులో బీమా కంపెనీ భరించవలసింది ఎంతో లెక్కగట్టే వృత్తి నిపుణుణ్ణి మన దేశంలో సర్వేయర్, లాస్ అసెసర్ అంటారు. ఈ వృత్తికి 1938 నాటి బీమా చట్టంలోని 64యూఎం సెక్షన్ ఆధారం. ఒక స్థాయికి మించిన నష్టాన్ని లైసెన్సు ఉన్న సర్వేయర్ నివేదిక లేకుండా పరిష్కరించరాదని ఆ సెక్షన్ చెబుతుంది. చాలాకాలం 20 వేల రూపాయలుగా ఉన్న ఆ స్థాయి తరువాతి నిబంధనలలో మోటారు నష్టాలకు 50 వేలకు, మిగతావాటికి లక్షకు పెరిగింది. విశాఖపట్నంలో ఈ పనికి కొదవ ఉండదు. 1933లో మొదలైన పోర్టు, ఉక్కు కర్మాగారం, మల్కాపురం వైపు చమురు శుద్ధి కర్మాగారం, పరవాడ ఫార్మా సిటీ, ఫిషింగ్ హార్బర్, గాజువాక ఆటోనగర్ షెడ్లు ఒకే ఊరి చుట్టూ ఉన్నందువల్ల, సర్వేయర్ లైసెన్సులో కనిపించే విభాగాలలో దాదాపు అన్నింటికీ ఇక్కడ ఉదాహరణలు దొరుకుతాయి.

అయినా ఈ నగరంలో లైసెన్సు పరీక్షకు చదివే ఇంజనీరింగ్ పట్టభద్రులు, డిప్లొమాదారులు తరచూ ఒకే చోట తడబడతారు. యంత్రం ఎందుకు చెడిపోయిందో, బాగు చేయడానికి ఎంత అవుతుందో వారికి బాగా తెలుసు. పరీక్ష అడిగేది మాత్రం ఆ నష్టంలో పాలసీ ఏ భాగాన్ని ఒప్పుకుంటుంది, ఏ భాగాన్ని వదిలేస్తుంది, ఏ తగ్గింపును ఏ వరుసలో చేయాలి అన్నది. ఇది ఇంజనీరింగ్ చదువులో ఎక్కడా రాని పాఠం. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరుసగా చదివినంత మాత్రాన అది పట్టుబడదు.

ముందుగా లైసెన్సు దారి గురించి క్లుప్తంగా చెప్పుకోవాలి. లైసెన్సు ఇచ్చేది హైదరాబాదు కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ. అర్హత ఉన్న అభ్యర్థి ట్రైనీగా నమోదై, ఇప్పటికే లైసెన్సు ఉన్న సర్వేయర్ వద్ద 12 నెలల శిక్షణ పూర్తి చేయాలి. పరీక్షను ముంబయిలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా నిర్వహిస్తుంది. సాధారణ బీమా సూత్రాలు, సర్వే పద్ధతుల మీద అందరికీ ఉమ్మడిగా ఒక పేపరు, దానితోపాటు అభ్యర్థి కోరుకునే విభాగాల పేపర్లు ఉంటాయి. ఫైర్, మెరైన్ కార్గో, మెరైన్ హల్ (ఓడకే చేసే బీమా), ఇంజనీరింగ్, మోటారు, లాభనష్టం (ప్రమాదంవల్ల పని ఆగి పోగొట్టుకునే లాభం), ఇతరాలు అనే పాత విభాగాలకు 2015 నిబంధనలు పంటల బీమాను చేర్చాయి. ఏ చదువు చదివినవారికి ఏ విభాగమో కూడా నిబంధనలలోనే ఉంది. మెకానికల్ చదివినవారు మోటారు వైపు, చార్టర్డ్ అకౌంటెంట్లు లాభనష్టం వైపు వెళ్లడం సహజంగా జరిగేదే. వృత్తి సంఘమైన ఐఐఐఎస్ఎల్ఏలో లైసెన్షియేట్, అసోసియేట్, ఫెలో అనే మూడు మెట్లు ఉన్నాయి.

ఇంజనీరింగ్ అలవాటుకూ బీమా లెక్కకూ ఉన్న తేడా అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది మోటారు విభాగంలో. మూడేళ్ల నాలుగు నెలల వయసున్న 1,200 సీసీ కారు ఒకటి మద్దిలపాలెం కూడలి దగ్గర గుద్దుకొని ఆటోనగర్ షెడ్డుకు చేరిందనుకుందాం. షెడ్డువారు ఇచ్చిన ఎస్టిమేటులో ఫెండరు, బానెట్టు, తలుపు కలిపి 40 వేలు, ప్లాస్టిక్ బంపరు 12 వేలు, ముందు అద్దం 9 వేలు, పెయింటింగ్ 16 వేలు, టింకరింగ్ తదితర కూలి 10 వేలు ఉన్నాయి. పన్నులను పక్కన పెడితే మొత్తం 87 వేలు. మెకానికల్ ఇంజనీరు ఈ కాగితం చూసి ఏ భాగం నిజంగా మార్చాలి, దేన్ని సరిచేస్తే సరిపోతుంది, ధరలు సరైనవేనా అని పరిశీలిస్తారు. అది అవసరమే. కానీ పరీక్షలో మార్కులు వచ్చేది ఆ తరువాతి దశలో.

ఇనుప భాగాలకు వాహనం వయసును బట్టి తరుగుదల ఉంటుంది. ఆరు నెలల లోపు ఏమీ లేదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, ఐదేళ్ల లోపు 35, పదేళ్ల లోపు 40, ఆపైన 50. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకూ, టైర్లకూ, బ్యాటరీకీ వయసుతో నిమిత్తం లేకుండా 50 శాతం, ఫైబర్ గ్లాసుకు 30 శాతం తగ్గుతుంది. అద్దానికి తరుగుదల లేదు. పెయింటింగ్ బిల్లు విడివిడిగా లేకుండా ఒకే మొత్తంగా ఉంటే అందులో 25 శాతాన్ని రంగు సామగ్రిగా భావించి, ఆ సామగ్రి మీద మాత్రమే 50 శాతం తగ్గించాలి. ఈ లెక్కన ఇనుప భాగాలకు 30 వేలు, బంపరుకు 6 వేలు, అద్దానికి 9 వేలు, పెయింటింగ్‌కు 14 వేలు, కూలికి 10 వేలు, మొత్తం 69 వేలు వస్తుంది. పాత భాగాల తుక్కు విలువ 1,500 అనుకుంటే అది పోగా 67,500. అందులోంచి 1,500 సీసీ లోపు కార్లకు వర్తించే తప్పనిసరి మినహాయింపు, అంటే యజమానే భరించవలసిన వాటా, వెయ్యి రూపాయలు తీసేస్తే 66,500 రూపాయలు మిగులుతాయి. షెడ్డు ఎస్టిమేటుకూ ఈ మొత్తానికీ ఉన్న తేడా 20,500. వాహన యజమానులకు కోపం తెప్పించేది ఈ తేడాయే. సర్వేయర్ ఏదో కోత కోశారని నలుగురిలో చెప్పుకునేదీ ఇదే.

ఈ చిన్న లెక్కలో మూడు చోట్ల అభ్యర్థులు తప్పులో కాలేస్తారు. వాహనం వయసును మూడేళ్లుగా పట్టుకొని 15 శాతం వేయడం మొదటిది. మూడేళ్లు దాటి ఒక్క రోజైనా గడిస్తే అది తరువాతి శ్రేణిలోకి వెళ్తుంది. రెండవది పెయింటింగ్ మొత్తం మీద తరుగుదల వేయడం. ఇక మూడవది, తరుగుదల లేని యాడ్ఆన్ (అదనపు ప్రీమియంతో కొనే రక్షణ) తీసుకున్న పాలసీ అని ప్రశ్నలో ఉంటే తప్పనిసరి మినహాయింపును కూడా వదిలేయడం. ఆ యాడ్ఆన్ తరుగుదలను మాత్రమే తొలగిస్తుంది, మినహాయింపును కాదు. మరమ్మతు ఖర్చు వాహనం ఐడీవీలో (పాలసీలో ప్రకటించిన బీమా విలువలో) 75 శాతం దాటితే భాగాల లెక్క వేయడమే అనవసరం. దాన్ని నిర్మాణాత్మక సంపూర్ణ నష్టంగా, అంటే వాహనం పూర్తిగా పోయినట్టుగా, పరిగణించాలి. ప్రశ్నలో ఐడీవీ ఇచ్చి, చివరిదాకా భాగాల ధరలు చూపించి, అసలు మెలికను అక్కడ దాచిపెట్టడం పేపరు తయారు చేసేవారికి సులువు.

లెక్క కంటే ముందు తేల్చవలసిన విషయం మరొకటి ఉంది. ప్రమాద సమయంలో డ్రైవరుకు చెల్లుబాటయ్యే లైసెన్సు ఉందా, వాహనాన్ని పాలసీలో చెప్పిన వాడకానికే వాడుతున్నారా, ఎక్కించుకున్నవారి సంఖ్య పరిమితిలోనే ఉందా అన్న ప్రశ్నలకు జవాబు లేకుండా మొత్తాన్ని లెక్కగట్టడం గుర్రానికి ముందు బండి కట్టడమే అవుతుంది. ఈ విషయంలో చట్టం ఎలా మారిందో కూడా అభ్యర్థికి తెలిసి ఉండాలి. తేలికపాటి మోటారు వాహన లైసెన్సు ఉన్న డ్రైవరు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని నడపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను 2024 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. పూర్ణా మార్కెట్ నుంచి సరుకు మోసే చిన్న ట్రక్కుల క్లెయిములలో ఏళ్ల తరబడి పేచీ పెట్టిన అంశం ఇది. అంతకుముందు అచ్చయిన గైడ్లను నమ్ముకుంటే ఇలాంటి చోట అసలుకే మోసం వస్తుంది.

ఫైర్ విభాగంలో ఇదే తేడా మరో రూపంలో ఎదురవుతుంది. ఇక్కడ ఇంజనీరింగ్ పరిజ్ఞానం కంటే ఖాతా పుస్తకాలు చదవగలగడం ఎక్కువగా అక్కరకు వస్తుంది. ఒక వ్యాపారి గోదాములో తుఫాను రోజున 80 లక్షల రూపాయల సరుకు ఉంది, బీమా చేసింది 60 లక్షలకే. పైకప్పు ఎగిరిపోయి వాన నీటికి 18 లక్షల సరుకు పాడైంది, పాడైన సరుకును అమ్మితే 2 లక్షలు వస్తాయి. తక్కువకు బీమా చేసినప్పుడు నష్టంలో కొంత వాటాను పాలసీదారే భరించాలన్నది యావరేజి నియమం. కాబట్టి 18 లక్షల నుంచి సాల్వేజ్ 2 లక్షలు తీసి 16 లక్షల నికర నష్టాన్ని ముందు తేల్చి, దాన్ని 60కి 80 నిష్పత్తిలో కుదిస్తే 12 లక్షలు వస్తుంది. పాత స్టాండర్డ్ ఫైర్ పాలసీలో ప్రకృతి వైపరీత్యాలకు క్లెయిములో 5 శాతం, కనీసం 10 వేల రూపాయల మినహాయింపు ఉండేది. ఆ ప్రకారం 60 వేలు పోగా చెల్లించవలసింది 11.40 లక్షలు.

వరుస మారితే ఏమవుతుందో చూడాలి. ముందుగా 18 లక్షలను కుదించి 13.50 లక్షలు చేసి, ఆ తరువాత సాల్వేజ్ 2 లక్షలు తీసేస్తే 11.50 లక్షలే మిగులుతాయి. మినహాయింపు తరువాత అది 10.92 లక్షలకు పైచిలుకుగా తేలుతుంది. అంకెలన్నీ సరిగ్గా ఉన్నా, ఒక్క మెట్టు ముందూ వెనకా అయినందుకు పాలసీదారుకు 47,500 రూపాయలు తక్కువ అందుతాయి. సాల్వేజ్‌లో కొంత భాగం పాలసీదారు తనంతట తాను భరించిన వాటాకు చెందుతుందన్న కారణం అర్థమైతే ఈ వరుసను బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు. శిక్షణ ఏడాదిలో ఇలాంటి నివేదికలు పది తిరగేసినవారికి ఇది చేతికి వచ్చేస్తుంది. సీనియరు వెంట తిరిగి ఫొటోలు తీయడంతోనే ఆ ఏడాది గడిపేసినవారికి పరీక్షలో ఆ లోటు తెలుస్తుంది. శిక్షణను కేవలం హాజరు పట్టీగా చూడడమే ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే బలహీనమైన అంశమని చెప్పక తప్పదు.

2021 ఏప్రిల్ 1 నుంచి పరిస్థితి కొంత మారింది. ఇళ్లకు భారత్ గృహ రక్ష, ఒక చోట 5 కోట్ల లోపు విలువ ఉన్న సంస్థలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, 5 నుంచి 50 కోట్ల వరకు భారత్ లఘు ఉద్యమ్ సురక్ష అనే పాలసీలు వచ్చాయి. గృహ రక్షలో యావరేజి వర్తించదు. మిగతా రెండింటిలో తక్కువ బీమా 15 శాతం మించకపోతే దాన్ని పట్టించుకోరు. పై ఉదాహరణలో గోదాము సరుకు 80 లక్షలు కాక 70 లక్షలే అయి ఉంటే లోటు 14 శాతం చిల్లరే కాబట్టి కొత్త పాలసీలో కోత ఉండదు. 80 లక్షలు అయితే లోటు 25 శాతం, కనుక యావరేజి వర్తిస్తుంది. ప్రశ్నలో పాలసీ పేరు చూడకుండా లెక్కలోకి దిగితే ఎంత శ్రమపడినా జవాబు తప్పుతుంది. సరుకు విలువ విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. సరుకుకు పాలసీదారు పెట్టిన ఖర్చు మాత్రమే లెక్కలోకి వస్తుంది, అమ్మకపు ధరలోని లాభం రాదు. భవనాలకూ యంత్రాలకూ పునఃస్థాపన విలువ షరతు తీసుకుంటే తరుగుదల లేకుండా కొత్తదాని ధర దొరుకుతుంది. అయితే మామూలుగా 12 నెలల లోపు నిజంగా తిరిగి కట్టాలి లేదా కొనాలి, లేకుంటే తరుగుదల పోగా మిగిలే మార్కెట్ విలువే గతి.

కారణాన్ని నిర్ణయించే ప్రశ్నలకు విశాఖ పరిసరాలు తరగని గని. పోర్టులోనూ పరిశ్రమలలోనూ గుట్టలుగా పోసి ఉంచే బొగ్గు లోపలి నుంచి వేడెక్కి తనంతట తానే అంటుకోవడం ఇక్కడ పనిచేసేవారందరికీ తెలిసిన సంగతే. ఇంజనీరు దృష్టిలో అది నిప్పే. ఫైర్ పాలసీ దృష్టిలో, సొంత వేడితో కాలిన బొగ్గు నష్టం పాలసీ వర్తించని మినహాయింపుల కిందకు వస్తుంది. ఆ మంట పక్కనున్న కన్వేయరు బెల్టుకు పాకితే మాత్రం బెల్టు నష్టం పాలసీలోకి వస్తుంది. స్వయం దహనానికి విడిగా యాడ్ఆన్ తీసుకొని ఉంటే బొగ్గుకూ రక్షణ ఉంటుంది. ఒకే మంటలో రెండు వస్తువులకు రెండు జవాబులు రావడం మొదట్లో కోడిగుడ్డుకు ఈకలు పీకినట్టు అనిపించినా, బీమా ఒప్పందం నడిచేది ఇలాంటి గీతల మీదే.

పేలుడు విషయంలోనూ అంతే. పరవాడ, అచ్యుతాపురం ప్రాంతాల రసాయన పరిశ్రమలలో రియాక్టరు పేలితే ఆ నష్టం స్టాండర్డ్ ఫైర్ పాలసీలోని పేలుడు ప్రమాదం కిందకు వస్తుంది. అదే ఆవరణలో ఆవిరి పుట్టించే బాయిలరు తన పేలుడుతో తానే దెబ్బతింటే ఆ బాయిలరు నష్టం మాత్రం ఫైర్ పాలసీలో రాదు. దానికి బాయిలర్, ప్రెషర్ ప్లాంట్ పాలసీ విడిగా ఉండాలి. బాయిలరు పేలి పక్క గోడ కూలితే గోడకు ఫైర్ పాలసీయే పలుకుతుంది. మెకానికల్ చదివినవారు ఈ ప్రశ్నకు ప్రెషరు, సేఫ్టీ వాల్వు, లోహపు అలసట గురించి ఒక పేజీ రాయగలరు. అదంతా నివేదికలో ఉండవలసిందే, కానీ ఏ పాలసీ ఏ ముక్కకు అన్న వాక్యం లేకపోతే ఆ పేజీ విలువ సగానికి సగం పడిపోతుంది.

2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫానును ఇప్పటికీ ఇక్కడి సర్వేయర్లు పాఠంగా చెబుతారు. గాలికి రేకులు ఎగిరిపోయిన షెడ్ల సంగతే తీసుకుంటే, సముద్రపు ఉప్పుగాలికి రేకులను పట్టి ఉంచే జె బోల్టులు తుప్పుపట్టి సన్నబడి ఉండడం ఈ తీరంలో మామూలు విషయం. బోల్టులు తుప్పుపట్టినందువల్ల పైకప్పు ఊడిపోయింది అని ఒక ఇంజనీరు నివేదికలో రాస్తే, సాంకేతికంగా అందులో తప్పేమీ లేకపోవచ్చు. కానీ తుప్పు, అరుగుదల పాలసీలో మినహాయింపులు కాబట్టి ఆ ఒక్క వాక్యం క్లెయిమును తిరస్కరించడానికి చాలు. ఆ రేకులు తుప్పుతోనే ఏళ్ల తరబడి నిలబడ్డాయి, తుఫాను లేకుండా ఆ రోజు ఊడేవి కావు, కాబట్టి నష్టానికి సమీప కారణం తుఫానే. తుప్పు ప్రభావం కారణంలోకి రాదు, పాత రేకుల విలువను తేల్చేటప్పుడు తరుగుదల రూపంలో వస్తుంది. సమీప కారణం అన్న సూత్రాన్ని నిర్వచనంగా అప్పజెప్పడం సులువు. ఇలా ఒక తుప్పుపట్టిన బోల్టుకు అన్వయించడంలోనే అభ్యర్థి సత్తా తెలుస్తుంది.

అదే తుఫానులో స్తంభాలు, టవర్లు కూలి నగరానికి కొన్ని రోజులపాటు కరెంటు లేకుండా పోయింది. రొయ్యలు, చేపల ఎగుమతికి పేరున్న ఈ నగరంలో కోల్డు స్టోరేజీ సరుకు గురించి ప్రశ్న తయారు చేయడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. స్టోరేజీ భవనానికి గానీ యంత్రానికి గానీ దెబ్బ తగలలేదు, కరెంటు లేక సరుకు కుళ్లిపోయింది అనుకుందాం. మామూలు ఫైర్ పాలసీ దీనికి స్పందించదు. సరుకు పాడవడానికి రెండు వేర్వేరు యాడ్ఆన్‌లు ఉన్నాయి. ఒకటి, ఆవరణలోని శీతల యంత్రాలు బీమా ఉన్న ప్రమాదంవల్ల దెబ్బతిని సరుకు పాడైతే వర్తిస్తుంది. రెండవది, విద్యుత్ కేంద్రం ఆవరణలో బీమా ఉన్న ప్రమాదంవల్ల దెబ్బ తగిలి కరెంటు ఆగిపోతే వర్తిస్తుంది. తుఫానులో కూలింది విద్యుత్ కేంద్రమా, దారిలోని టవరా అన్న ప్రశ్నకు అప్పుడు లక్షల రూపాయల విలువ వస్తుంది. సర్వేయర్ చేయవలసింది ఆ టవరు ఎక్కడ కూలిందో విద్యుత్ సంస్థ రికార్డుతో నిర్ధారించి, పాలసీలోని మాటలను యథాతథంగా ఉటంకించి, నిర్ణయానికి కావలసిన వాస్తవాలను కంపెనీ ముందు పెట్టడం. క్లెయిము ఒప్పుకోదగినదా, షరతులు పాటించారా అన్న విషయాలపై వ్యాఖ్యానించడం 2015 నిబంధనలు సర్వేయరుకు అప్పగించిన విధులలో ఉంది. తుది నిర్ణయం మాత్రం కంపెనీదే.

మెరైన్ కార్గో పేపరును చాలామంది చివరకు నెట్టేస్తారు. ఓడరేవు ఉన్న ఊరిలో అది పెద్ద పొరపాటు. తడిసిన బస్తాను పట్టుకొని అది సముద్రపు నీటికి తడిసిందా, వాన నీటికి తడిసిందా అని తేల్చడం ఇక్కడి సర్వేయరుకు నిత్యకృత్యం. తడిసిన చోట సిల్వర్ నైట్రేట్ ద్రావణం చుక్క వేస్తే, క్లోరైడు ఉన్నప్పుడు తెల్లటి పాల వంటి అవక్షేపం కనిపిస్తుంది. ఇంతవరకు అందరూ చదువుతారు. ఈ పరీక్ష ఫలితం ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజుల దగ్గరకు, అంటే సరుకు రవాణా బీమాలో వాడే ‘ఏ’, ‘బీ’, ‘సీ’ అనే మూడు రకాల షరతుల దగ్గరకు వెళ్లాలి. ‘ఏ’ (A) క్లాజు కింద ప్రత్యేకంగా మినహాయించినవి తప్ప అన్ని ప్రమాదాలకూ రక్షణ ఉంటుంది కాబట్టి నీరు ఏదైనా పెద్ద తేడా పడదు. ‘బీ’ క్లాజులో ఓడలోకి, సరుకు ఉంచే హోల్డులోకి, కంటెయినరులోకి సముద్రపు, సరస్సు లేదా నదీ జలాలు చొరబడితే రక్షణ ఉంది, వాన నీటికి లేదు. ‘సీ’ క్లాజులో రెండింటికీ లేదు. అంటే ఆ చుక్క మందు అసలు పనికివచ్చేది ప్రధానంగా బీ క్లాజులోనే. పైగా తీరంలో గాలి కూడా ఉప్పుదే కాబట్టి, తడవని బస్తాలను కూడా అదే విధంగా పరీక్షించి పోల్చకుండా ఒక్క ఫలితంతో తీర్పు చెప్పడం సరికాదు. ఇక సరుకు మ్యూరేట్ ఆఫ్ పొటాష్, అంటే రైతులు పొటాష్ అని పిలిచే ఎరువు అయితే, అది స్వయంగా పొటాషియం క్లోరైడే. మంచినీళ్లు తగిలినా ఆ పరీక్ష తెల్లగానే తిరుగుతుంది. అప్పుడు హోల్డులను కప్పే హ్యాచ్ మూతల స్థితి, ఓడ లాగ్‌బుక్కు, దింపుడు సమయంలో వాన రికార్డు వంటి ఇతర ఆధారాలే గతి. రసాయన శాస్త్రం తెలిసినవారు గర్వపడదగిన చోటు ఇదొక్కటి!

బల్కు సరుకు తరుగు విషయంలోనూ చిక్కు ఉంది. ఓడలో వచ్చిన బొగ్గు బరువును డ్రాఫ్ట్ సర్వేతో లెక్కిస్తారు. ఓడ ముందు, మధ్య, వెనుక భాగాలలో రెండు వైపులా నీటి గుర్తులు చూసి, నీటి సాంద్రతను హైడ్రోమీటరుతో కొలిచి, బల్లాస్టు, ఇంధనం, మంచినీటి బరువులు తీసేసి సరుకు బరువు తేలుస్తారు. ఎంత జాగ్రత్తగా చేసినా అర శాతం వరకు తేడా సహజమని ఈ రంగంలో భావిస్తారు. 50 వేల టన్నుల సరుకులో అది 250 టన్నులు. అంతలోపు తేడా కనిపిస్తే అది నష్టమా, కొలతలోని వెసులుబాటా అన్నది ముందు ఆలోచించాలి. రవాణాలో సహజంగా తగ్గే బరువు పాలసీలో మినహాయింపు అన్న సంగతి ఆ తరువాత వస్తుంది.

ఉమ్మడి పేపరులో ఎక్కువ భాగం జ్ఞాపకశక్తితో దాటవచ్చు. అత్యంత సద్భావం, బీమా ప్రయోజనం, నష్టపరిహారం, హక్కుల బదిలీ వంటి సూత్రాలూ, సర్వేయరు ప్రవర్తన నియమాలూ చదివినంతలో అర్థమయ్యేవే. బంధువుల నష్టాన్ని సర్వే చేయకూడదన్న నియమానికి వివరణ అక్కరలేదు. రెండు తీర్పులను మాత్రం విడిగా గుర్తుపెట్టుకోవాలి. సర్వేయరు నివేదిక ముఖ్యమైన ఆధారమే అయినా అదే చివరి మాట కాదని 2009లో న్యూ ఇండియా అస్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది శ్రీ వెంకటేశ్వర సిండికేట్ కేసులో, మొదటి నివేదిక నచ్చలేదన్న ఒక్క కారణంతో తమకు అనుకూలమైన అంకె వచ్చేదాకా కంపెనీ ఒకరి తరువాత ఒకరుగా సర్వేయర్లను నియమించడానికి వీల్లేదని, రెండవ నియామకానికి సరైన కారణాలు చూపాలని తేల్చింది. రెండూ కలిపి చదివితే నివేదిక బరువు దాని ముగింపులో కన్నా అందులో చూపిన కారణాలలో ఉందని తెలుస్తుంది. పరీక్షలో వివరణ లేకుండా అంకె మాత్రమే నేర్చుకున్నవారు వృత్తిలో అడుగుపెట్టాక ఇబ్బంది పడేది ఇందుకే.

గడువుల విషయంలో పాత పుస్తకాలను నమ్మడం ప్రమాదం. ఇంతకుముందు 72 గంటలలో సర్వేయరును నియమించడం, 30 రోజులలో నివేదిక అన్న లెక్క ఉండేది. ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్ తరువాత నియామకానికి 24 గంటలు, నివేదికకు 15 రోజులు, నివేదిక అందాక కంపెనీ నిర్ణయానికి 7 రోజులు అయ్యాయి.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుంటే చదివే పద్ధతి కూడా మారాలి. ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం చదివిన వెంటనే అదే విభాగానికి చెందిన అసలు పాలసీ ప్రతిని ముందు పెట్టుకోవడం మేలు. కంపెనీలు వాటిని తమ వెబ్‌సైట్లలో ఉంచుతాయి. ప్రమాదాల జాబితా, మినహాయింపులు, యాడ్ఆన్‌లు అన్న మూడు భాగాలనూ ఒకే కూర్చోవడంలో చదివితే తప్ప ఒకదానిలో తీసేసినదాన్ని మరొకదానిలో తిరిగి ఇచ్చిన తీరు బోధపడదు. ఆపై శిక్షణ ఇచ్చే సర్వేయరు వద్ద ముగిసిపోయిన ఫైళ్లలో ఒకటి అడిగి తీసుకొని, చివరి అసెస్‌మెంటు పేజీని మూసి, ఎస్టిమేటు నుంచి చెల్లింపు దాకా సొంతంగా లెక్క వేసి, ఆ తరువాత అసలు పేజీతో సరిచూసుకోవాలి. తేడా వచ్చిన ప్రతి చోటా అంకెల కూడికలో తప్పు జరిగిందా, పాలసీలోని ఏదైనా మాటను వదిలేశామా అని రాసి పెట్టుకోవాలి. ఇంజనీర్ల విషయంలో ఆ జాబితాలో రెండవ రకానివే ఎక్కువగా ఉంటాయి.

లాభనష్టం విభాగాన్ని ఇంజనీర్లు పక్కన పెట్టినా పెద్దగా పోయేదేమీ లేదు. స్థూల లాభం రేటును టర్నోవరులో వచ్చిన తగ్గుదలతో గుణించి, పని నిలిచిపోకుండా పెట్టిన అదనపు ఖర్చు కలిపి, ఆదా అయిన స్థిర ఖర్చులు తీసేయడం అన్న సూత్రం ఒక పేజీలో వస్తుంది, కానీ ఆ టర్నోవరును నమ్మదగిన విధంగా తేల్చడం పద్దులు చదవగలిగినవారి పని. ఆ సమయాన్ని ఇంజనీరింగ్, మెరైన్ పేపర్లకు కేటాయించడమే వారికి లాభం.